ముత్తుకూరు కరెంటుకు యజమాని ఎవరు? విదేశీ వాటాపై మన రాజ్యాంగం గీయని గీత

2023 జనవరిలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు ప్రాంతంలో రెండు పెద్ద థర్మల్ కేంద్రాలు చేతులు మారాయి. ఒక్కొక్కటి 1,320 మెగావాట్లు, రెండూ కలిపితే 2,640. అమ్మింది సింగపూర్‌కు చెందిన సెంబ్‌కార్ప్, కొన్నది ఒమన్‌కు చెందిన తన్వీర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్. సెంబ్‌కార్ప్‌లో అతిపెద్ద వాటాదారు సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ టెమాసెక్. తన్వీర్ వెనుక ఉన్నవారిలో ఒమన్ రక్షణ మంత్రిత్వ శాఖ పింఛను నిధి ఒకటి. ఒక పరాయి ప్రభుత్వపు సొమ్ముతో ముడిపడిన విద్యుత్ కేంద్రాలు మరో పరాయి ప్రభుత్వపు సొమ్ముతో ముడిపడిన సంస్థ చేతికి వెళ్లాయన్నమాట. కొనుగోలు ధరను కూడా ఒకేసారి కాకుండా, అమ్మిన సంస్థకే వాయిదాల మీద తీర్చేలా ఏర్పాటు జరిగింది. యజమాని మారినా పాత యజమాని అప్పిచ్చినవాడిగా మిగిలాడు.

ఈ మార్పుకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదం అవసరం లేకపోయింది. విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ కూడా అవసరం లేకపోయింది. పోటీ కమిషన్ లాంటి సంస్థల పరిశీలన ఉంటుంది కానీ అవి చూసేది మార్కెట్‌లో పోటీ దెబ్బతింటుందా లేదా అన్నంత మేరకే. బూడిద పడే పొలాల వారినీ, ఆ కరెంటు కొనే డిస్కంలకు (విద్యుత్ పంపిణీ సంస్థలకు) బిల్లు కట్టే వారినీ అడగాలని చెప్పే నిబంధన ఏదీ లేదు. ఒమన్ సంస్థ తప్పు చేసిందనో, సింగపూర్ సంస్థ దాచిందనో దీని అర్థం కాదు. చట్టం అడగని అనుమతిని ఎవరూ వెళ్లి తెచ్చుకోరు. చట్టం ఎందుకు అడగలేదన్నదే చర్చించాల్సిన విషయం.

కరెంటు, నీరు, ఓడరేవు లాంటి ప్రజోపయోగ సేవల్లో విదేశీయులకు ఇంతకు మించి వాటా ఉండకూడదని భారత రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అయితే విదేశీ పెట్టుబడిదారుకు ఇక్కడ వ్యాపారం చేసే ప్రాథమిక హక్కు కూడా లేదు. వృత్తి, వ్యాపార స్వేచ్ఛను ఇచ్చే 19(1)(జి) అధికరణం పౌరులకు మాత్రమే వర్తిస్తుంది. కంపెనీ పౌరుడు కాదని సుప్రీంకోర్టు 1963లోనే స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ కేసులో తేల్చింది. విదేశీయుడికి సమానత్వాన్ని, జీవించే హక్కును కాపాడే 14, 21 అధికరణాల రక్షణ ఉంది, చట్టబద్ధంగా తప్ప ఆస్తి తీసుకోరాదనే 300ఏ రక్షణ ఉంది. వచ్చి వ్యాపారం చేసుకునే హక్కు మాత్రం ప్రభుత్వం అనుమతిస్తేనే. విదేశీ వాటాను ఎంతకైనా కుదించే, అసలే వద్దనే అధికారం రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వానికి నిండుగా ఉంది. ఆ అధికారాన్ని వాడి తీరాలనే బాధ్యతను మాత్రం రాజ్యాంగం ఎవరి మీదా పెట్టలేదు.

రాజ్యాంగ సభలో ఈ ఆలోచన రాకపోలేదు. దేశ సహజ వనరుల యాజమాన్యం, అదుపు, నిర్వహణ మొత్తం దేశానికే చెందాలని స్పష్టంగా రాయాలని 1948 నవంబరులో సభ్యుడు కె.టి.షా సవరణ ప్రతిపాదించారు. ముసాయిదాలోని మాటలే అంతకంటే విస్తృతమైనవని అంబేడ్కర్ దాన్ని అంగీకరించలేదు. ఆ ముసాయిదా వాక్యమే ఈనాటి ఆదేశిక సూత్రాల్లోని 39(బి) అధికరణం: సమాజపు భౌతిక వనరుల యాజమాన్యమూ అదుపూ ఉమ్మడి మేలుకు తగినట్లు పంపిణీ కావాలి. విస్తృతమే, నిజం. అస్సాంలోని ఒక ప్రైవేటు విద్యుత్ సరఫరా కంపెనీని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడాన్ని 1989లో తిన్సుకియా కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది ఈ అధికరణం ఆధారంగానే. అయితే ఆదేశిక సూత్రంతో ప్రభుత్వం చేసిన పనిని కాపాడుకోవచ్చు గానీ, చేయని పనిని కోర్టు ద్వారా చేయించలేం.

తెలుగువారికి ఇక్కడ ఒక దగ్గరి ఉదాహరణ ఉంది. విశాఖ మన్యంలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు బలం ఐదో షెడ్యూలు నుంచి వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంత భూమి గిరిజనేతరుడి చేతికి వెళ్లకుండా ఆపే ఏర్పాటు రాజ్యాంగంలోనే ఉంది. దాని మీద నిలబడి కోర్టు, ప్రభుత్వ భూమి విషయంలో కూడా ప్రైవేటు కంపెనీ గిరిజనేతరుడే అని అన్వయించగలిగింది. రాజ్యాంగం గీత గీసిన చోట సమత అనే ఒక స్వచ్ఛంద సంస్థ కూడా ప్రభుత్వాన్ని నిలదీయగలిగింది. ముత్తుకూరు కేంద్రాలున్న కృష్ణపట్నం తీరంలో అలాంటి గీత లేదు. అక్కడ ఎవరు కోర్టుకు వెళ్లినా, విధాన నిర్ణయాల్లో జోక్యం చేసుకోబోమనే జవాబు ఎదురయ్యే అవకాశమే ఎక్కువ. బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడిని సవాలు చేసినప్పుడు 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబు కూడా ఇంచుమించు అదే.

మరి మన దేశంలో విదేశీ వాటా పరిమితి ఎక్కడ ఉంటుంది? ప్రభుత్వ విధాన పత్రంలో, విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం కింద 2019లో జారీ చేసిన నియమాల్లో. విద్యుత్ ఉత్పత్తి, సరఫరా, పంపిణీ, వ్యాపారం అన్నింటిలో నూరు శాతం విదేశీ పెట్టుబడి ముందస్తు అనుమతి లేకుండానే రావచ్చు. అణు విద్యుత్తు సంగతి వేరు. ఓడరేవులకూ అదే నూరు శాతం. ఈ నియమాలను పార్లమెంటు ముందు ఉంచుతారు కానీ, అవి అమల్లోకి రావడానికి పార్లమెంటు ఓటు అక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో భూసరిహద్దు ఉన్న దేశాల పెట్టుబడికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసిన నిర్ణయం కూడా ఒక ప్రకటనతోనే వచ్చింది. ఒక ప్రకటనతో వచ్చినది మరో ప్రకటనతో పోగలదు.

బీమా రంగంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. బీమా కంపెనీల్లో విదేశీ వాటా పరిమితిని చట్టంలోనే రాశారు. అందుకే 26 నుంచి 2015లో 49కి, 2021లో 74 శాతానికి పెంచడానికి ప్రతిసారీ పార్లమెంటులో బిల్లు పెట్టాల్సి వచ్చింది. చర్చ జరిగింది, ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పాయి, ఎవరు ఏ పక్షాన నిలిచారో లిఖితపూర్వకంగా మిగిలింది. బీమా పాలసీకి దక్కిన ఆ మర్యాద కరెంటు తీగకు దక్కకపోవడానికి తగిన కారణం ఏదీ కనిపించదు.

ఎప్పుడూ ఇలాగే ఉందనుకోవడం పొరపాటు. 1949 ఏప్రిల్ 6న రాజ్యాంగ సభలోనే నెహ్రూ విదేశీ పెట్టుబడిపై ప్రకటన చేశారు. స్వదేశీ, విదేశీ సంస్థలను ఒకే తీరున చూస్తామంటూనే, యాజమాన్యంలో ప్రధాన వాటా, సంస్థపై అసలైన అదుపు సాధారణంగా భారతీయుల చేతుల్లో ఉండాలన్నది అందులోని సారాంశం. 1956 పారిశ్రామిక విధానం విద్యుత్ ఉత్పత్తి, పంపిణీలను ప్రభుత్వ రంగానికే కేటాయించింది. 1973 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం 40 శాతాన్ని కొలబద్దగా పెట్టింది. 1991లో విద్యుత్ ఉత్పత్తి తలుపులు ప్రైవేటుకు, విదేశీ పెట్టుబడికి తెరుచుకున్నాయి. ఈ మలుపుల్లో దేనికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేకపోయింది.

రాజ్యాంగంలోనే అంకె రాసుకున్న దేశం ఒకటుంది, ఫిలిప్పీన్స్. ప్రజోపయోగ సేవల సంస్థ మూలధనంలో కనీసం 60 శాతం తమ పౌరులదే కావాలని 1935 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1947లో, అమెరికన్లకు తమ పౌరులతో సమాన హక్కులిస్తూ ఆ రాజ్యాంగాన్నే సవరించాల్సి వచ్చింది. ఆ మినహాయింపు 1974 దాకా నడిచింది. ఇప్పుడు అమల్లో ఉన్న 1987 రాజ్యాంగం పన్నెండో అధికరణం పదకొండో సెక్షన్ అదే 60–40ని నిలిపింది. పైగా ఫ్రాంచైజీ (సేవను నడిపే అనుమతి) గడువు 50 ఏళ్లు దాటకూడదు, అది గుత్తాధిపత్యం కాకూడదు, నిర్వాహక పదవుల్లో ఉన్నవారందరూ ఫిలిప్పీన్స్ పౌరులే కావాలి, పాలకమండలిలో విదేశీయుల స్థానాలు వారి వాటాను మించకూడదు. బినామీలను అడ్డుకోవడానికి 1936 నుంచే ప్రత్యేక చట్టం ఉంది.

ఇంత పకడ్బందీగా రాసినా ఏం జరిగిందో చూడాలి. ఆ దేశపు అతిపెద్ద టెలిఫోన్ కంపెనీ పీఎల్‌డీటీలో ఓటుహక్కు గల సాధారణ షేర్లలో 64 శాతానికి పైగా విదేశీయుల చేతుల్లో ఉండేవి. ఓటుహక్కు లేని ప్రాధాన్య షేర్లు మాత్రం దాదాపు అన్నీ స్థానికులవి. రెంటినీ కలిపి లెక్కవేస్తే 60 శాతం నిబంధన పాటించినట్లే కనిపించేది. ఒక వాటాదారు వేసిన గాంబోవా కేసులో 2011 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఈ లెక్క చెల్లదని చెప్పింది. రాజ్యాంగంలో మూలధనం అంటే డైరెక్టర్లను ఎన్నుకునే ఓటుహక్కు ఉన్న షేర్లే అని స్పష్టం చేసింది. గొప్ప తీర్పు. ఆ తర్వాత కంపెనీ చేసింది ఇది: ఓటుహక్కు గల కొత్త ప్రాధాన్య షేర్లు 15 కోట్లు సృష్టించి, తన ఉద్యోగుల ప్రయోజన నిధికి చెందిన సంస్థకు కేటాయించింది. ఓట్ల లెక్కలో విదేశీ వాటా 40 శాతం లోపుకు దిగింది. అంకె తృప్తిపడింది. తీర్పుకు అనుగుణంగా ఆ దేశపు షేర్ల నియంత్రణ సంస్థ రాసిన నిబంధనలను సుప్రీంకోర్టు కూడా 2016లో నిలబెట్టింది.

2022 మార్చిలో అక్కడే వచ్చిన మరో చట్టం వేరే దారి పట్టింది. రాజ్యాంగాన్ని ముట్టుకోకుండా, ప్రజోపయోగ సేవ అంటే ఏమిటో నిర్వచనాన్ని కుదించింది. విద్యుత్ సరఫరా, పంపిణీ, పెట్రోలియం గొట్టపు మార్గాలు, మంచినీటి, మురుగునీటి గొట్టపు వ్యవస్థలు, ఓడరేవులు, ప్రజా రవాణా వాహనాలు లోపల ఉండిపోయాయి. టెలిఫోన్లు, విమానయానం, రైల్వేలు బయటికి వెళ్లాయి. అదే చట్టం మరో మంచి పని కూడా చేసింది. ఇకమీదట విదేశీ ప్రభుత్వాల అధీనంలోని సంస్థలు ప్రజోపయోగ సేవల్లో, కీలక మౌలిక వ్యవస్థల్లో వాటా కొనకూడదంది. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. దేశమంతటా విద్యుత్తును మోసే ప్రధాన లైన్ల నిర్వహణ సంస్థలో చైనా ప్రభుత్వ రంగ సంస్థ స్టేట్ గ్రిడ్‌కు 40 శాతం వాటా ఉంది. పరిమితిని అది అక్షరాలా పాటించింది. అయినా సాంకేతిక వ్యవస్థ అదుపు ఎవరిదన్న ఆందోళన 2019లో అక్కడి సెనేట్ దాకా వెళ్లింది.

నెల్లూరు పాఠకుడికి ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన విషయం వేరే ఉంది. 2001లోనే ఫిలిప్పీన్స్ తన విద్యుత్ సంస్కరణల చట్టంలో ఉత్పత్తి కేంద్రాలు ప్రజోపయోగ సేవ కిందికి రావని రాసుకుంది. ముత్తుకూరు కేంద్రాలు ఆ దేశపు తీరంలో ఉన్నా, 60–40 గీత వాటిని ఆపేది కాదు. రాజ్యాంగంలో గీత ఉన్న చోటా, లేని చోటా బొగ్గు విద్యుత్ కేంద్రం ఒకే విధంగా చేతులు మారగలదు.

అందువల్ల మన రాజ్యాంగంలోనూ ఒక శాతాన్ని రాసేస్తే సరిపోతుందనే వాదన నిలవదు. కొలిచే వస్తువు షేరు అయినప్పుడు, షేర్లను కావలసిన ఆకారంలో పోతపోసే నిపుణులు ఎప్పుడూ ఉంటారు. ప్రజలకు నష్టం కలిగే దారులు షేర్ల పట్టికలో కనిపించవు. దానికి మన జిల్లాల్లోనే రుజువులున్నాయి.

కృష్ణపట్నంలో 4,000 మెగావాట్ల భారీ విద్యుత్ ప్రాజెక్టును 2007లో రిలయన్స్ పవర్ దక్కించుకుంది. యూనిట్ సగటు ధర 2.33 రూపాయలని వేలంలో చెప్పింది. సంస్థ భారతీయమే. ఆధారం మాత్రం ఇండోనేషియా బొగ్గు. 2010లో ఇండోనేషియా ప్రభుత్వం తన బొగ్గును అంతర్జాతీయ ధరతో ముడిపెడుతూ నియమాలు మార్చింది. ఆ లెక్క కుప్పకూలింది, పనులు ఆగిపోయాయి, ఒప్పందాలు కోర్టుల పాలయ్యాయి. అలాంటి మరో ప్రాజెక్టు కేసులో సుప్రీంకోర్టు 2017లో, పరాయి దేశం చట్టం మార్చడం వల్ల ఒప్పందం ప్రకారం ధర పెంచుకునే హక్కు రాదని తేల్చింది. విదేశీ యాజమాన్యం ప్రమేయం లేకుండానే నెల్లూరు జిల్లాలోని ప్రాజెక్టు జకార్తా నిర్ణయంతో ఆగింది.

కృష్ణపట్నం ఓడరేవు 2020, 2021 సంవత్సరాల్లో రెండు విడతలుగా అదానీ సంస్థ చేతికి వెళ్లింది. యాజమాన్యం స్వదేశీ సంస్థదే. అయినా 2024 ఆరంభంలో కంటైనర్ టెర్మినల్ కార్యకలాపాలు ఆగిపోయినప్పుడు పార్టీలు, కార్మికులు రోడ్డెక్కారు. ఏ ఓడరేవులో ఏ సరుకు దించాలన్నది సంస్థ తన మొత్తం వ్యాపారాన్ని చూసుకుని తీసుకునే నిర్ణయం. ఆ లెక్కలో స్థానిక అవసరాలకు ప్రత్యేక స్థానం ఉండదు, యజమాని పాస్‌పోర్టు ఏదైనా సరే.

ఒడిశా అనుభవం ఈ మాటను రెండు వైపుల నుంచీ బలపరుస్తుంది. 1999లో అక్కడి ఒక పంపిణీ సంస్థలో 51 శాతం వాటా అమెరికాకు చెందిన ఏఈఎస్ కొన్నది. ఆ ఏడాదే పెను తుఫాను లైన్లను నేలకూల్చింది. 2001లో ఏఈఎస్ నిర్వహణ వదిలి వెళ్లిపోయింది. ఇది విన్నవారికి పరాయివాళ్లు ఇంతే అనిపిస్తుంది. కానీ మిగతా మూడు పంపిణీ సంస్థలు భారతీయ ప్రైవేటు యాజమాన్యంలోనే ఉన్నాయి. 2015లో వాటి లైసెన్సులనూ అక్కడి నియంత్రణ మండలి రద్దు చేసింది. రెండు సందర్భాల్లోనూ ప్రజలను ఆదుకున్నది లైసెన్సు రద్దు చేసి సేవను నడిపించగల అధికారం ఉన్న మండలే.

ప్రకాశం తీరానికి విదేశీ ప్రభుత్వం నేరుగా వచ్చిన సందర్భం కూడా ఉంది. వాడరేవు–నిజాంపట్నం ఓడరేవుల పారిశ్రామిక కారిడార్ కోసం 2008లో రాష్ట్ర ప్రభుత్వం యూఏఈలోని రాస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఓడరేవులు రాలేదు. భూముల వ్యవహారం దర్యాప్తు సంస్థలకూ కోర్టులకూ చేరింది. వాడరేవు నేడు బాపట్ల జిల్లాలో ఉన్నా, ఆ భూముల కథ చీరాల, చినగంజాం వైపు జనానికి కొత్త కాదు. అక్కడ లోపించింది విదేశీ వాటా మీద పరిమితి కాదు. ఇంత పెద్ద భూభాగాన్ని ఏ షరతుల మీద ఇస్తున్నామో ముందుగా ప్రజల ముందు పెట్టి చర్చించే ఏర్పాటు లేకపోయింది.

విద్యుత్ చట్టం 2003ను ఈ దృష్టితో చదివితే ఖాళీ ఎక్కడుందో కనిపిస్తుంది. ఏడో సెక్షన్ ప్రకారం విద్యుత్ కేంద్రం పెట్టడానికి, నడపడానికి లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు లేదు కనుక దాన్ని బదిలీ చేయడానికి అనుమతి అనే ప్రశ్న కూడా లేదు. పదిహేడో సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉన్న సంస్థ తన వ్యవస్థను అమ్మాలన్నా, మరో దానిలో కలపాలన్నా నియంత్రణ మండలి ముందస్తు ఆమోదం తప్పనిసరి. కానీ అది కూడా వ్యవస్థ అమ్మకం గురించే మాట్లాడుతుంది. మాతృ సంస్థ షేర్లు మరో దేశంలో చేతులు మారితే ఏమిటన్నది స్పష్టంగా చెప్పదు. ఓడరేవుల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. కృష్ణపట్నం వాటాల బదిలీకి రాష్ట్ర ప్రభుత్వ అంగీకారం అవసరమైంది. అక్కడ ఓడరేవును ప్రభుత్వం గడువు పెట్టి అప్పగించింది కనుక ఆ షరతు ఒప్పందంలో ఇమిడింది. పక్కపక్కనే ఉన్న రెండు ఆస్తుల్లో ఒకదానికి అంగీకారం కావాలి, మరొకదానికి అక్కర్లేదు.

అత్యవసరంలో ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన అవసరమైతే లేదు. పదకొండో సెక్షన్ కింద అసాధారణ పరిస్థితుల్లో ఏ ఉత్పత్తి కేంద్రాన్నైనా తన ఆదేశాల ప్రకారం నడపమని చెప్పవచ్చు. దిగుమతి బొగ్గుతో నడిచే కేంద్రాలన్నీ పూర్తి సామర్థ్యంతో పనిచేయాలని 2022 మేలో కేంద్రం ఆదేశించింది ఈ సెక్షన్‌తోనే. యజమాని ఒమన్ వాడైనా, అహ్మదాబాద్ వాడైనా ఆ ఆదేశం ఒకటే. యాజమాన్యం కంటే బలమైన అదుపు చట్టంలో ఉండగలదనడానికి ఇది నిదర్శనం. అయితే ఆ అధికారం కేంద్రం లేదా రాష్ట్ర ప్రభుత్వం చేతిలో, సంక్షోభం వచ్చిన తర్వాత మాత్రమే పనిచేస్తుంది. మామూలు రోజుల్లో, యజమాని మారే ముందు, అడిగే హక్కు జనానికి కావాలి.

అది ఎలా వస్తుంది? రాజ్యాంగ సవరణ దాకా వెళ్లనక్కర్లేదు. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో 38వ అంశం. ఒక స్థాయికి మించిన ఉత్పత్తి కేంద్రంపై అదుపు మారాలంటే నియంత్రణ మండలి ఆమోదం, ఆ కేంద్రం ఉన్న జిల్లాలో బహిరంగ విచారణ తప్పనిసరి అని పార్లమెంటు చట్టంలో చేర్చవచ్చు. పార్లమెంటు చేయకపోతే రాష్ట్ర శాసనసభ చేసి, 254(2) అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం కోరవచ్చు. 1998 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం రాష్ట్రపతి ఆమోదంతోనే వచ్చింది. ఆ విచారణలో అడగాల్సినవి జాతీయత గురించిన ప్రశ్నలు మాత్రమే కాకూడదు. బొగ్గు ఎక్కడి నుంచి వస్తుంది, పాత అప్పు ఎవరి నెత్తిన పడుతుంది, బూడిద చెరువుల బాధ్యత కొత్త యజమానికి పూర్తిగా బదిలీ అవుతుందా, డిస్కంలతో ఉన్న ఒప్పందం మధ్యలో తెగితే నష్టం ఎవరిది, వివాదం వస్తే విచారణ హైదరాబాదు, విజయవాడ కోర్టుల్లోనా, లండన్ లేదా సింగపూర్ మధ్యవర్తుల ముందా? కొనేది విదేశీ ప్రభుత్వపు నిధి అయితే ఫిలిప్పీన్స్ 2022 చట్టంలాగా ప్రత్యేక పరిశీలన ఉండటం కూడా న్యాయమే. వ్యాపారికీ, మరో రాజ్యానికీ మధ్య తేడా ఉంది.

ఉత్పత్తి కంటే పంపిణీ విషయంలో ఇది మరింత తొందర పనిగా మారుతోంది. నెల్లూరుకు దక్షిణ ప్రాంత డిస్కం, ప్రకాశానికి మధ్య ప్రాంత డిస్కం, రెండూ ప్రభుత్వానివే. ఒకే ప్రాంతంలో, ఒకే తీగల మీద, ఒకటికి మించిన సంస్థలు కరెంటు అమ్మేందుకు వీలు కల్పించే సవరణ బిల్లును కేంద్రం 2022 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టింది. ఉద్యోగ సంఘాలు వ్యతిరేకించాయి, బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది. అలాంటి సవరణ ఏ రూపంలో వచ్చినా, ఒంగోలులో మీటరు బిగించే సంస్థ నూరు శాతం విదేశీ యాజమాన్యంలో ఉండటానికి ఇప్పటి నియమాల్లో అడ్డేమీ లేదు. ఒక్క విషయంలో మాత్రం పంపిణీ ఉత్పత్తికి భిన్నం. దానికి లైసెన్సు కావాలి. ఆ లైసెన్సుకు సాధారణ, ప్రత్యేక షరతులు నిర్దేశించే అధికారాన్ని పదహారో సెక్షన్ రాష్ట్ర నియంత్రణ మండలికి ఇచ్చింది. సంస్థపై అదుపు ప్రత్యక్షంగా గానీ, మాతృ సంస్థ ద్వారా పరోక్షంగా గానీ మారే పక్షంలో ముందుగా మండలికి తెలిపి, వినియోగదారుల విచారణ తర్వాతే ముందుకు వెళ్లాలనే షరతును ఆంధ్రప్రదేశ్ మండలి పార్లమెంటు కోసం ఎదురుచూడకుండా ఈ సంవత్సరమే రాయవచ్చు. ఏటా చార్జీల మీద జరిగే బహిరంగ విచారణలో అభ్యంతరాలు దాఖలు చేసే రైతు సంఘాలు, వినియోగదారుల సంఘాలు ఈసారి యూనిట్ ధరతో పాటు ఈ షరతునూ రాతపూర్వకంగా కోరవచ్చు. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ తన ఉత్తర్వులో జవాబు నమోదు చేయడం మండలి పాటిస్తున్న పద్ధతే.